ఆట మందు ఆడించింది, మరి అబద్ధం?

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ తాలూకాలో ఉండే ఒక రిటైర్డ్ టీచరు కేసు ఇది. ఆయనా, ఇంట్లోవాళ్లూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఉండేది చంద్రపూర్‌లో, నెలకోసారి సిరోంచ వెళ్లి తెలుగు కుటుంబాలను చూస్తుంటాను.

పార్కిన్సన్స్ జబ్బుకు వాడే మందు వల్ల మనిషి జూదంలో పడటం వైద్యానికి కొత్త సంగతి కాదు. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 2005లోనే అలాంటి 11 మంది గురించి ప్రచురించారు. కాబట్టి వైద్యం భాగం త్వరగా ముగిస్తాను. మందు తగ్గించాక ఆడాలనే కోరిక పోయింది, అప్పులు మిగిలాయి. తప్పు ఎవరిది, ఎంతవరకు అనే పంచాయితీ అక్కడ మొదలైంది. నా దగ్గర ఎక్కువ కాలం నడిచింది ఆ పంచాయితీయే. మనిషికి స్వేచ్ఛ ఉందా లేదా అనే పెద్ద ప్రశ్న తేల్చకుండానే దాన్ని చాలావరకు తేల్చవచ్చని నా అభిప్రాయం. బాధ్యతను మనిషికి మొత్తంగా అంటగట్టకుండా, మొత్తంగా కడిగేయకుండా, పని పనికీ విడివిడిగా చూడాలి.

కేసు

ఆయన్ని గురూజీ అంటాను. ఇటువైపు జిల్లా పరిషత్ స్కూలు టీచర్ని అందరూ పిలిచేది అలాగే. వయసు 62. చదువు చెప్పింది మరాఠీలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇంట్లో భార్య, కోడలు, మనవడు ఉంటారు. కొడుకు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. కూతుర్ని మంచిర్యాల ఇచ్చారు. తమ్ముడు అదే ఊళ్లో వ్యవసాయం చేస్తాడు.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు నది ఒడ్డున పిండం పెడుతుంటే ఆయన కుడి చేయి నిలవలేదు. ఆ ఏడాది చివరికి పార్కిన్సన్స్ అని తేలింది. మొదట లెవోడోపా ఇచ్చారు, 2023 మొదట్లో ప్రమిపెక్సోల్ కలిపారు. డోసు పెంచుకుంటూ రోజుకు 3 మిల్లీగ్రాముల దాకా వెళ్లారు. మందు బాగా పనిచేసింది. గురూజీ గడ్డం తనే గీసుకోగలిగారు, బ్యాంకులో సంతకం మళ్లీ కుదిరింది. ఆ మందును విలన్‌లా చూడటం మొదలుపెట్టినప్పుడల్లా ఈ సంగతి ఇంట్లోవాళ్లకు గుర్తుచేయాల్సి వచ్చింది.

పేకాట ఆయనకు కొత్త కాదు. పెళ్లిళ్లలో, పండగలకు రూపాయి పాయింటుకు ఆడేవారు. వందో రెండొందలో పోతే లేచి వెళ్లిపోయే మనిషని తమ్ముడే చెప్పాడు. 2023 వానాకాలంలో ఫోన్లో రమ్మీ మొదలైంది. ముందు ఉచితంగా, తర్వాత డబ్బు పెట్టి. రాత్రి అందరూ పడుకున్నాక మొదలుపెడితే తెల్లవారుజాము దాకా ఆడేవారు. పద్నాలుగు నెలల్లో దాదాపు తొమ్మిది లక్షలు పోయాయి. అందులో ఐదు లక్షలు ఆయన రిటైర్మెంట్ డబ్బు. రెండు లక్షల నలభై వేలు కోడలి ఆరు తులాల బంగారం సావుకారు దగ్గర గిర్వి పెట్టి తెచ్చినవి. మిగతా లక్షన్నర తమ్ముడి వాటా. ఉమ్మడి పొలంలో కొంత అమ్మితే వచ్చిన డబ్బు అన్న ఖాతాలో పడింది, తమ్ముడు తొందరపడి అడగలేదు.

2024 శ్రావణంలో కోడలి చెల్లెలి పెళ్లి వచ్చింది. పాలిష్‌కు ఇచ్చానన్న నగలు పెళ్లి రోజుకీ రాలేదు. అలా బయటపడింది. కొడుకు పుణె నుంచి వచ్చి న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన రెండు ప్రశ్నల్లోనే పట్టేశారు. మొదట మందు రాసిన ఆసుపత్రిలో వికారం వస్తుంది, నిద్ర వస్తుంది అని చెప్పారట. జూదం, విపరీతమైన ఖర్చు, తిండి, లైంగిక కోరికల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. గురూజీ అడగలేదు కూడా, అడగాలని ఎలా తెలుస్తుంది?

ప్రమిపెక్సోల్, మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనిని అనుకరిస్తుంది. చేతికీ కాలికీ కదలిక ఇచ్చే దారిలో పనిచేస్తూనే, ‘ఇంకొక్కసారి’ అనిపించే దారిని కూడా రాజేస్తుంది. అమెరికా, కెనడాల్లో 3,090 మంది పార్కిన్సన్స్ రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ తరగతి మందులు వాడుతున్నవాళ్లలో 17.1 శాతం మందికి ఇలాంటి అదుపు తప్పిన ప్రవర్తన ఏదో ఒకటి కనిపించింది. వాడనివాళ్లలో అది 6.9 శాతం. మందు ఒక్కసారిగా ఆపితే విపరీతమైన ఆందోళన, దిగులు రావచ్చు కాబట్టి న్యూరాలజిస్టు వారాల తరబడి తగ్గిస్తూ, లెవోడోపా పెంచారు. అయినా ఆ రోజుల్లో గురూజీ చాలా ఏడ్చారు. వణుకు కొంత తిరిగి వచ్చింది. మూడో నెలకల్లా ఫోన్ ఎదురుగా ఉన్నా ఆడాలనిపించడం లేదన్నారు.

నలుగురు, నాలుగు తీర్పులు

కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టిన రోజు ఎవరి మాట వాళ్లది.

తమ్ముడు అన్నను పూర్తిగా వదిలేశాడు. “అన్నకు ఏం తెల్వదు సార్. నలునిలో కలి జొచ్చినట్టు మందు జొచ్చింది. నా పైసలు నాకు వద్దు.” పోలిక గట్టిదే. మహాభారతంలో నలుడు పుష్కరుడితో పాచికలాడి రాజ్యం పోగొట్టుకుంటాడు, కారణం లోపల చేరిన కలి. చివర దమయంతితో, రాజ్యం పోవడం తన పని కాదని, కలి చేసిన పని అని చెప్తాడు. అయితే ఆమె ఆ మాట వినేలోపే చెలికత్తె కేశినిని పంపి, వంటవాడి వేషంలో ఉన్నవాణ్ణి పరీక్షించి గానీ దగ్గరికి రానివ్వలేదు. ఆ సంగతి నేను ఎత్తేలోపే గురూజీ భార్య ఎత్తింది. (కథ చివర నలుడు మళ్లీ ఆడి గెలుస్తాడు. జూదం మానుతున్నవాళ్ల ముందు ఆ ఘట్టం నేను ఎత్తను.)

ఆమె కోపం వేరు. “ఆట మందు ఆడించిందంటే ఒప్పుకుంట. పాలిష్‌కు ఇచ్చిన అని కోడలి ముఖం చూస్కుంట అబద్ధమాడిండు. అది గూడ గోళీయే ఆడించిందా?” ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఈ విషయం మీద నేను చదివిన చాలా వ్యాసాలకంటే ఈ ప్రశ్న సూటిగా ఉంది.

కోడలిది లెక్క. ఎవరు చేశారన్నది మీరు తేల్చుకోండి, నా ఆరు తులాలు ఎప్పుడొస్తాయో చెప్పండి అంది. తప్పు ఎవరిదో తేలకపోయినా నష్టం ఎవరికి జరిగిందో తేలిందని ఆమె వాదన. అది సబబే. తప్పు, నష్టపరిహారం వేర్వేరు ఖాతాలు. తప్పు లేకపోయినా పరిహారం ఇవ్వాల్సిన సందర్భాలుంటాయి.

కొడుకు ఇంజనీరు. అసలు ఎవరికీ స్వేచ్ఛ లేదని, సైన్సు ఎప్పుడో తేల్చేసిందని ఒక వీడియో చూపించాడు. అందులో ఉన్నది మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించిన ప్రయోగం. మనిషి తనకు తోచినప్పుడు చేయి కదపాలి. కదపాలనిపించిందని అతను గుర్తించడానికి సెకనులో మూడో వంతు ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలైనట్టు కనిపించింది. దాని అర్థం ఏమిటన్న దానిపై ఇప్పటికీ గొడవ ఉంది. 2012లో ఆరన్ షుర్గర్ బృందం, ఆ సంకేతం నిర్ణయం కాదు, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక గీత దాటే ముందు కనిపించే రూపం అని చూపే నమూనా ఇచ్చింది. ఆ లోతుకు నేను పోలేదు. బీరువా తాళం ఎక్కడుందో చూసుకుని, కోడలు ఆఫీసుకు పోయే రోజు ఎంచుకుని, ఊళ్లో సావుకారు కాకుండా అహేరీ సావుకారును వెతుక్కుని, పాలిష్ కథ అల్లడానికి గురూజీకి నాలుగు రోజులు పట్టింది. వేలు కదపడం మీద చేసిన ప్రయోగం ఈ నాలుగు రోజుల గురించి పెద్దగా ఏమీ చెప్పదు.

కొడుకు వాదనలో ఇంకో చిక్కు ఉంది. మన స్వభావాన్ని మనం ఎంచుకోలేదు కాబట్టి ఎవరూ దేనికీ చిట్టచివరి బాధ్యులు కారని గేలెన్ స్ట్రాసన్ అనే తాత్వికుడు 1994లో వాదించాడు. ఆ వాదనలో ఫలానా చోట తప్పుందని వేలు పెట్టి చూపడం నాకు చేతకాదు. కానీ అది నిజమైతే మందు వేసుకోకముందు గురూజీకీ, వేసుకున్నాక గురూజీకీ, బంగారం మీద వడ్డీ గుంజిన సావుకారుకీ సమానంగా వర్తిస్తుంది. అందరికీ ఒకేలా వర్తించేది ఈ ఇంట్లో ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు. 2022లో రెండొందలు పోతే లేచి వెళ్లిపోయిన మనిషికీ, 2024లో లేవలేని మనిషికీ తేడా ఉందని ఇంట్లో చిన్న మనవడికీ తెలుసు. నాకు కావాల్సింది ఆ తేడాను కొలిచే పద్ధతి.

‘నాకు ఇష్టమే ఉండె’

గురూజీ గీత చదివిన మనిషి. ఒంటరిగా మాట్లాడినప్పుడు మూడో అధ్యాయంలో అర్జునుడి ప్రశ్న తనే ఎత్తారు: ఇష్టం లేకపోయినా, బలవంతంగా తోసినట్టు, మనిషి చేత పాపం చేయించేది ఏది? ‘అనిచ్ఛన్నపి వార్ష్ణేయ బలాదివ నియోజితః’. నేను తలూపుతుంటే ఆపారు.

“అదే నాకు కుదరట్లేదు సార్. అనిచ్ఛన్ అంటడు అర్జునుడు. నాకు ఇష్టమే ఉండె. రాత్రి పదకొండు అయితుందంటే మనసు హాయిగ ఉండేది. ఆడొద్దు అని ఒక్కనాడు అనుకోలే.”

ఈ మాట నన్ను చాలాసేపు ఆపేసింది. హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ అనే తాత్వికుడు 1971లో చెప్పిన లెక్క మా వృత్తిలో బాగా వాడుకలో ఉంది. మనిషికి కోరికలుంటాయి, ఆ కోరికల మీద మళ్లీ కోరికలుంటాయి. తాగాలని ఉంటుంది, తాగాలనిపించకుండా ఉంటే బాగుండునని కూడా ఉంటుంది. తను వద్దనుకున్న కోరికే తనను నడిపిస్తే మనిషికి స్వేచ్ఛ లేనట్టు. తాగుడు మానాలని ఏడ్చేవాళ్లకు ఇది అతికినట్టు సరిపోతుంది, గురూజీకి సరిపోదు. ఆయన ఆ కోరికను కాదనలేదు, ముద్దు చేసుకున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ కొలతతో చూస్తే ఆయన పూర్తి స్వేచ్ఛతో ఆడినట్టే లెక్క. కానీ మూడు మిల్లీగ్రాములు తీసేస్తే కోరికా పోయింది, దాని మీద ముద్దూ పోయింది. పై అంతస్తులో తీర్పు చెప్పేవాడికి కూడా అదే మందు పట్టిందన్నమాట. లోపలికి చూసి ‘ఇది నిజంగా నా కోరికేనా’ అని అడిగితే దొరికే జవాబును ఇలాంటి కేసుల్లో నమ్మలేం.

అందుకే నేను తాత్వికులు జాన్ మార్టిన్ ఫిషర్, మార్క్ రవిజా 1998లో ఇచ్చిన కొలతకు దగ్గరగా పనిచేస్తాను. మనిషి ఏం కోరుకున్నాడన్నది పక్కన పెట్టి, అతను కారణాలను అందుకోగలిగాడా అని చూడటం. ఆగడానికి మంచి కారణం ఎదురైతే ఆగగలిగే స్థితిలో ఉన్నాడా? ఎంత పెద్ద కారణం కావాల్సి వచ్చింది? ఏ పనికి ఆగగలిగాడు, ఏ పనికి ఆగలేకపోయాడు?

ఇక్కడ ప్రాణహిత వంతెన అడ్డొచ్చింది.

వంతెన అవతల

మంచిర్యాల కూతురు పట్టుకున్న పాయింటు ఇది. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఫోన్ ఎక్కడుందో చూసుకుని యాప్ అక్కడ డబ్బు ఆట తెరవదు. మహారాష్ట్రలో అప్పటికి తెరిచేది. (2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ నిషేధ చట్టం చేసింది, ఈ కేసు అంతకు ముందుది.) వంతెన దాటి చెన్నూరు మీదుగా కూతురింటికి వెళ్లినప్పుడు గురూజీ ఆడలేదు. పది రోజులున్నా ఆడలేదు. మనవరాలికి లెక్కలు చెప్పుకుంటూ మామూలుగానే ఉన్నారు.

“అక్కడ ఆగినోడు ఇక్కడ ఎందుకు ఆగలే? బాపుకు ఆపుకునే శక్తి ఉంది” అని కూతురు. ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయంలో ఇలాంటి పరీక్షనే పోలీసు పక్కనుంటే చేసేవాడా అనే రూపంలో అడిగేవారు. పోలీసు ఎదురుగా ఉన్నా చేసేవాడైతేనే అది ఆపుకోలేని కోరిక అని దాని భావం.

నాకు ఆ పరీక్ష మీద నమ్మకం లేదు. తలుపు మూసి ఉంటే బయటికి వెళ్లకపోవడం వేరు, తెరిచి ఉన్న తలుపు ముందు కూర్చోవడం వేరు. మంచిర్యాలలో గురూజీ కోరికను జయించలేదు, కోరికకు అక్కడ చోటు లేదు. కాబట్టి అక్కడ ఆగడం చూసి ఇక్కడా ఆగగలడని చెప్పలేం.

కూతురు అనుకున్నది రుజువు కాకపోయినా, ఇంకొకటి రుజువైంది. మంచిర్యాలలో ఉన్నప్పుడు ఆయన ఆలోచన తేటగా ఉంది. తిరిగి రావాలా, ఇంకో నెల ఉండాలా అనే నిర్ణయం అక్కడ తీసుకున్నారు. రెండుసార్లు కూతురు ఉండమంటే పెన్షన్ పని ఉందని చెప్పి బయల్దేరారు. పెన్షన్ పని లేదని నాకు ఆయనే చెప్పారు. ముక్కలు పంచాక లేవలేకపోవడం మీద ఆయనకు పట్టు లేదనుకుందాం. బస్సెక్కడం మీద కొంతైనా ఉంది. బాధ్యత వెతకాల్సింది పేక పడిన చోట కాదు, అంతకు కొన్ని గంటల ముందు, కొన్ని రోజుల ముందు.

తాగి బండి నడిపినవాడి విషయంలో చట్టం చేసేది కూడా ఇదే. మత్తులో ఉన్న క్షణంలో అతనికి అదుపు లేదు, అయినా తాగడం అతని పనే. తనకు తెలియకుండా గానీ, ఇష్టానికి విరుద్ధంగా గానీ మత్తు ఎక్కించబడినవాడికి మాత్రం మినహాయింపు ఉంది. ఐపీసీలో 85వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 23. గురూజీ మందు డాక్టరు చెప్తే వేసుకున్నారు, ఇలా చేస్తుందని తెలియకుండా వేసుకున్నారు. ఈ విషయం కోర్టుకు పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు. కానీ ‘తెలియకుండా’ అన్న ఆ షరతే కేసును రెండు ముక్కలు చేసింది.

తెలిసిన తర్వాత

2024 మే నెలలో, అంటే ఆట మొదలైన పది నెలలకు, మెడికల్ షాపులో పనిచేసే ఆయన పాత విద్యార్థి ఒకడు చీటీ చూసి, “గురూజీ, ఈ గోళీతో కొందరికి జూదం పిచ్చి పడుతుందట, మీకేం లేదు కదా” అన్నాడు. గురూజీ నవ్వి లేదన్నారు. ఇంట్లో చెప్పలేదు. తర్వాతి నెల న్యూరాలజీ ఓపీకి వెళ్లినప్పుడూ చెప్పలేదు. తమ్ముడి లక్షన్నర ఆడింది ఆ తర్వాత.

ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే మందు ఆపేస్తారు, చేయి మళ్లీ వణుకుతుంది అన్నారు. కాసేపాగి, “ఆట పోతుందని గూడ” అన్నారు.

ఈ మాట ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. తమ్ముడు అప్పటికే మాఫీ చేశాడు. భార్య ఊహించలేదు. ఒప్పుకోవాల్సిన అవసరం లేనిచోట ఒప్పుకున్నారు. ఎందుకో ఆయన మాటల్లోనే: “అందరు మందు చేసింది మందు చేసింది అంటున్నరు. మందే చేసిందంటే మరి నేనెక్కడున్న సార్?”

బయటపడ్డ నాటి నుంచి ఇంట్లో ఆయన్ని చూసే తీరు మారిపోయింది. ఫోను తీసుకున్నారు, ఏటీఎం కార్డు తీసుకున్నారు. అది అవసరమే, నేనే చెప్పాను. కానీ అక్కడ ఆగలేదు. పత్తి ఎప్పుడు అమ్మాలన్నా, సాత్‌బారా (పొలం రికార్డు) మీద పేరు మార్పించాలన్నా ఆయన్ని అడగడం మానేశారు. ఏదైనా అంటే కోప్పడకుండా సరే సరే అంటున్నారు. పీటర్ స్ట్రాసన్ (గేలెన్ తండ్రి, ఆయనా తాత్వికుడే) 1962లో రాసిన వ్యాసంలో మనుషుల పట్ల మనకుండే రెండు రకాల చూపులను విడదీశాడు. ఒకటి, ఎదుటివాణ్ణి సాటి మనిషిగా తీసుకుని కోపం, కృతజ్ఞత, నొచ్చుకోవడం అన్నీ చూపించడం. రెండోది, అతన్ని సర్దాల్సిన, అదుపులో పెట్టాల్సిన, వైద్యం చేయించాల్సిన వస్తువుగా చూడటం. రెండో చూపు కొన్నిసార్లు తప్పదు, దయగా కూడా ఉంటుంది. కానీ దాన్ని పూర్తిగా, ఎల్లకాలం పెట్టుకుంటే ఆ మనిషితో బంధమే ఉండదు.

గురూజీ ఇంట్లో తమ్ముడి మాఫీ ఈ రెండో చూపు. భార్య కోపం మొదటిది. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, గురూజీ తమ్ముడొస్తే ముఖం తిప్పుకునేవారు, భార్య తిడుతుంటే వింటూ కూర్చునేవారు. కోపం అనారోగ్యకరం, క్షమ ఆరోగ్యకరం అని మా శిక్షణలో ఒక ధోరణి ఉంది. ఈ ఇంట్లో అది తిరగబడింది. ఆమె కోపంలో ‘నువ్వు ఇలా చేయని మనిషివి’ అనే గౌరవం మిగిలి ఉంది.

విడదీసిన పద్ధతి

వ్యసనం, వ్యక్తిత్వ సమస్యల చికిత్సలో నింద లేని బాధ్యత అనే దారి ఒకటి ఉంది. హన్నా పికార్డ్ అనే తాత్వికురాలు తను పనిచేసిన చికిత్సా బృందం అనుభవంతో దాన్ని వివరంగా రాసింది. మనిషి చేసిన పనిని అతని పనిగానే మాట్లాడాలి, మార్చుకోగలడని పట్టుబట్టాలి, కానీ కసి చూపించకూడదు. నేను దీన్ని చాలావరకు ఒప్పుకుంటాను. అయితే మనది ఉమ్మడి కుటుంబాల చోటు. నింద లేకుండా మాట్లాడటం థెరపిస్టుకు జీతం తీసుకుని చేసే పని. బంగారం పోయిన కోడల్ని అదే చేయమనడం అన్యాయం. అందుకే నింద ఎంతవరకు న్యాయమో అంతవరకు ఉండనిచ్చాను.

పెద్ద కాగితం ఒకటి తీసుకుని, జరిగిన పనులన్నీ తేదీల వరసలో గురూజీ చేతనే రాయించాను. ఒక్కో దాని పక్కన ఆయనే జవాబు రాయాలి: అప్పటికి ఏం తెలుసు, ఆగగలిగే వీలు ఎక్కడుంది, ఆడటం ఆపలేకపోయినా ఇంకేం చేయగలిగి ఉండేవారు. వణికే చేత్తో రాయడానికి చాలా సమయం పట్టింది. నేను రాసిపెడతానంటే ఒప్పుకోలేదు.

మొదటి పది నెలల రాత్రి ఆట, ఐదు లక్షల నష్టం దగ్గర ఆయన రాసింది ‘తెలియదు’. అందరూ ఒప్పుకున్నారు, భార్య కూడా. అది దురదృష్టం. దానికి క్షమాపణ అడగక్కర్లేదు. కానీ తన చేతి మీదుగా జరిగిపోయిందన్న బాధ ఉంటుంది, ఉండాలి కూడా. తన తప్పు లేకుండా బండి కింద పిల్లవాడు పడితే డ్రైవరుకు కలిగే బాధ అలాంటిది. బెర్నార్డ్ విలియమ్స్ అనే తాత్వికుడు 1976లో దీన్ని అపరాధ భావన నుంచి వేరు చేసి చూపించాడు. ఆ తేడా చెప్పినప్పుడు గురూజీ మొదటిసారి తేలికగా ఊపిరి పీల్చుకున్నారు.

బంగారం దగ్గర వాదన సాగింది. అది 2024 ఫిబ్రవరి, మందు సంగతి ఇంకా తెలియదు. డబ్బు కావాలనే తహతహ మందుది. కానీ ఆ నాలుగు రోజుల్లో ఏది పట్టుబడుతుంది, ఏది పట్టుబడదు అని ప్రతి కారణాన్నీ తూచగలిగారు. కోడలు బాధపడుతుందన్న కారణం కూడా కంటికి కనిపించింది, పక్కన పెట్టారు. తహతహకు మినహాయింపు, అబద్ధానికి సగం అని నా లెక్క. భార్య సగం ఒప్పుకోలేదు, ముప్పాతిక అంది. నేను పట్టుబట్టలేదు. ఇలాంటి చోట అంకెలు నిజంగా ఉండవు, ఆమె చెప్పదలచుకున్నది ఎంత నొచ్చుకుందో.

తమ్ముడి లక్షన్నర దగ్గర వాదన లేదు. తెలుసు. చెప్పగలిగే అవకాశం రెండుసార్లు వచ్చింది, ఇంట్లో ఒకటి, ఓపీలో ఒకటి. ఆట ఆపలేకపోయి ఉండవచ్చు, నోరు విప్పడం మీద మందు ప్రభావం ఉందని నేను అనుకోను. చెప్పకుండా ఉండటానికి ఆయన ఇచ్చిన మొదటి కారణం, చేయి వణుకుతుందనే భయం, పూర్తిగా ఆయనదే. ఎవరికైనా ఉండే భయమే. క్షమించదగ్గది, కానీ క్షమించాల్సింది అంటూ ఉంది కదా.

తమ్ముడికి ఇది నచ్చలేదు. బుద్ధి కర్మానుసారిణి అన్నాడు, అంతా పైవాడి రాత అన్నాడు. అన్నకు అవమానం తప్పించాలనే ప్రేమ అది. గురూజీ గీత పద్దెనిమిదో అధ్యాయం చెప్పారు. ఏ పనికైనా ఐదు కారణాలట: ఆధారమైన శరీరం, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. “దైవం ఐదోదిరా, ఒక్కటే కాదు. కర్త గూడ ఉన్నడు అందుల” అన్నారు. నేను అంత పొందికగా చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఏం చేశారు

బంగారం ముందు. పెన్షన్‌లో నెలకు పన్నెండు వేలు కోడలి ఖాతాకు నేరుగా వెళ్లేలా బ్యాంకులో రాసిచ్చారు, మిగతాది కొడుకు కలిపి విడిపించాలి. పెన్షన్ ఖాతా భార్యతో కలిపి ఉమ్మడి ఖాతా అయింది, ఇద్దరి సంతకం లేకుండా డబ్బు తీయడానికి లేదు. పొలం, పత్తి విషయాల్లో ఆయన్ని మళ్లీ అడగాలని నేను గట్టిగా చెప్పాను. డబ్బు మీద అదుపు తీసుకోవడం వేరు, మాట మీద విలువ తీసేయడం వేరు. ఫోను తిరిగి ఇచ్చారు. మొదట మందు రాసిన ఆసుపత్రికి కొడుకు ఒక లేఖ పంపాడు. నింద కోసం కాదు, ఈ మందు రాసేటప్పుడు రోగితో పాటు ఇంట్లోవాళ్లకు కూడా జూదం, ఖర్చు సంగతి చెప్పాలని కోరుతూ. జవాబు రాలేదు.

నా ప్రాక్టీసులో మారింది ఒకటే. పార్కిన్సన్స్ మందు వాడుతున్నవాళ్లు ఏ కారణంతో వచ్చినా, రోగిని విడిగా, భార్యనో భర్తనో విడిగా, కొత్తగా ఏదైనా మోజు మొదలైందా అని అడుగుతున్నాను. కొత్త మోజు హాయిగా అనిపిస్తుంది కాబట్టి రోగి దాన్ని సమస్యగా చెప్పడు.

తమ్ముడికి గురూజీ క్షమాపణ చెప్పారు. ఎదురుగా నిలబడి, మే నెల తర్వాత సంగతి మొత్తం చెప్పి. తమ్ముడు వినలేక మధ్యలో లేచి బయటికి వెళ్లాడు. డబ్బు ఇప్పటికీ తీసుకోనంటున్నాడు. గురూజీ పోస్టాఫీసులో నెలకు రెండు వేల చొప్పున ఆర్‌డీ కడుతున్నారు, తమ్ముడికి ఇవ్వడానికే. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు గానీ ఆ సంగతి ఎత్తరు. అన్నను బాధ్యుణ్ణి చేసి నేనే తప్పు చేశానని తమ్ముడు నాతో అన్నాడు, ఇప్పటికీ అదే అభిప్రాయం. బంగారంలో నాలుగు తులాలు ఇంటికొచ్చాయి. వణుకు పెరుగుతోంది, న్యూరాలజిస్టు లెవోడోపా డోసు వేళలు మళ్లీ మార్చారు.